నాలుగో గడి

యవతహామా రేవు
8 నవంబరు 1971

చిరంజీవి సోజికి మీ బావ దీవెనలు.

ఇక్కడ అందరం బాగున్నాం. పొద్దున్నుంచీ వాన. చేపల సంఘం వాళ్ళ ఐస్ ఫ్యాక్టరీ తలుపుకి వేసిన రంగు ఆరలేదు. రోజువారీ పుస్తకంలో రాయడానికి ఇవాళ ఏమీ లేకపోవడంతో నీకు రాస్తున్నాను.

నిజానికి మీ అక్క రాయమంది. ఈ నెల బొమ్మల కథల పత్రిక వచ్చింది. ఎప్పటిలాగే కథ చదవకముందే కత్తెర తీసింది. బొమ్మల పక్కన నువ్వు వేసిన చప్పుళ్ళ అక్షరాలన్నీ కత్తిరించి, అన్నం మెతుకులతో వంటింటి గోడకి అంటించింది. పొయ్యి ఆవిరికి అవి ఊడి పడుతుంటాయి. మళ్ళీ అంటిస్తుంది. నిన్న భోజనానికి కూర్చుంటే నా చారులో ఒక 'దొన్' తేలింది. ఫిరంగి పేలుడు. తీసి పక్కన పెట్టి తాగాను.

"మా తమ్ముడి అక్షరం చూడండి, ఎట్లా పరిగెడుతోందో" అంది.

"బోర్డు మీద అక్షరం నిలబడాలి. అది పరిగెడితే కొట్టు ఎక్కడుందో జనానికి ఎట్లా తెలుస్తుంది?" అన్నాను.

"నిలబడే ఉంటాయి కదా మీవి. అందుకే ఎవరూ తలెత్తి చూడరు."

ఈ రేవులో చాలా దుకాణాల బోర్డులు నేను రాసినవే. మీ అక్క రోజూ వాటి కింద నుంచే చేపల బజారుకి వెళ్తుంది. బాగుందని గానీ బాగాలేదని గానీ ఏ ఒక్కదాని గురించీ అనలేదు. నాకేమీ లేదు. ఊరికే రాస్తున్నాను.

నీ అల గురించి ఒక మాట. మూడు గడుల్లో 'జబాన్' అని వేశావు. మొదటి గడిలోనే అక్షరం ఇంత లావు ఉంది. అల విరిగే ముందు నీళ్ళు వెనక్కి పోతాయి. అక్షరం కూడా ముందు వెనక్కి పోవాలి. రేవులో పుట్టినవాడివి నీకు నేను చెప్పాలా? టోక్యోలో సముద్రం కనిపించదేమో.

మీ అక్క జాకోతెన్ చేప గారెలు పంపుతోంది. నిప్పుల మీద కాస్త వెచ్చచేసుకుని తిను.

ఇంతే.
రోకుసుకే


టోక్యో
19 నవంబరు 1971

బావగారికి నమస్కారాలు.

గారెలు అందాయి. ఇక్కడి నా తోటివాళ్ళు చూస్తుండగానే ఊదేశారు. కురహాషి గురువుగారికి ఒకటి దాచగలిగాను. 'మీ ఊళ్ళో చేపకి ముళ్ళు తియ్యరా?' అన్నారాయన. తియ్యరు, అదే రుచి అని చెప్పాను.

మీ విమర్శ కూడా అందింది. దానికీ ముళ్ళు తియ్యలేదు.

బావా, ఒక్క గడి అంటే నాలుగు వేళ్ళ వెడల్పు. అందులో పడవ, పడవలో మనిషి, మనిషి నోట్లో మాట, అన్నీ పెట్టాక ఏ మూల మిగిలితే ఆ మూల నాది. మొదటి గడిలో అక్షరాన్ని కదిలించాలి, రెండోదాంట్లో దాని కాలొకటి గీత దాటించాలి, మూడోదాంట్లో అది గడినే పగలగొట్టాలి. చదివేవాడి కన్ను దాని వెనక పడి పేజీ తిప్పేయాలి. ఈ తిప్పలన్నీ మీ బోర్డులకి లేవు. మీకు గోడంత చోటు ఇస్తారు.

మీకు చెప్పకూడదనుకున్న సంగతి ఒకటుంది. అక్క కొన్ని ఫోటోలు పంపింది. కనుమ దారిలో రబ్బరు బూట్ల కొట్టుకి మీరు రాసిన బోర్డులు. బస్సు కిందికి దిగుతుంటే స్తంభానికొకటి చొప్పున వస్తాయే, అవి. మొదటిదాంట్లో జారే చప్పుడు 'త్సురు' అన్న మాట బుద్ధిగా నిలబడి ఉంటుంది. తర్వాతదాంట్లో దాని పాదం జారుతుంది. ఆ తర్వాత వెల్లకిలా పడి కాళ్ళు పైకెత్తుతుంది. ఆఖరి స్తంభం మీద కొట్టు పేరు. అక్క బస్సు కిటికీలోంచి వరసగా తీసింది.

గురువుగారు చూశారు. "ఎవరివి?" అన్నారు.

"మా బావవండీ."

"ఎవరి దగ్గర నేర్చుకున్నాడు?"

"ఎవరి దగ్గరా లేదు. సినిమా హాలు బోర్డులు చూసి తనే."

"అందుకే" అన్నారు. అని, వాటిని తన బల్ల పైన గోడకి వరసగా గుచ్చారు.

ఇన్నేళ్ళుగా ఆ గోడ కింద కూర్చుంటున్నాను. నా పేజీ ఒక్కటీ దానిమీదికి ఎక్కలేదు. ఆ 'అందుకే' ఇప్పటికీ గుచ్చుకుంటోంది.

ఇంకా ఉంది. ఇప్పుడు నడుస్తున్న కథలో పాత పడవ ఒకటి తుఫానులో పోతుంది. అది పాతదని తెలిసీ ఊరి పెద్దలే దాన్ని పంపారు. పోయినవాడి భార్య ఒడ్డున నిలబడి ఉంటుంది. నాలుగు గడుల్లో ఎవరూ మాట్లాడరు. ఉన్న మాటల్లా 'షీన్'. చప్పుడు లేనప్పుడు మేం వేసే చప్పుడు. ఇది ఎట్లా వేస్తాడో మీ బావని అడుగు అన్నారు గురువుగారు. అడగమన్నారు గనక అడుగుతున్నాను. పనిలో ఉంటే వదిలేయండి.

మీ బావమరిది
సోజి


యవతహామా
2 డిసెంబరు 1971

సోజికి దీవెనలు.

చలి మొదలైంది. కొండల మీద కమలాల కోత. ఇవాళ క్షురకుడి కొట్టు అద్దం మీద పేరు, ఒక పూత.

నీ ఉత్తరం చదివి వెనక్కి మడిచాను. తర్వాత మీ అక్కతో, "నా బోర్డులు టోక్యోలో గోడెక్కాయట" అన్నాను.

"ఫోటోలు తీసింది నేను" అంది.

"బోర్డులు రాసిందెవరు?"

"ఆ మలుపుల్లో బస్సు కుదుపుకి చెయ్యి వణక్కుండా తియ్యడం ఎంత కష్టమో మీకేం తెలుసు?"

ఈ సంగతి బయట ఎవరితోనూ అనలేదు. అయినా మర్నాడు ఊరందరి స్నానాల ఇంట్లో తొట్టిలో ఉన్నవాళ్ళందరికీ తెలిసిపోయింది. ఎట్లాగో తెలియదు. బూట్ల కొట్టు ఒజాకి, తన బోర్డు పడిపోతోందని అప్పట్లో నాతో పోట్లాడినవాడు, నా వీపు తోమడానికి వచ్చాడు.

నీ గురువు నిజంగా అడిగాడా, లేకపోతే నన్ను ఆడిస్తున్నావా? నిజమైతే చెబుతున్నాను: చప్పుడు లేకపోవడాన్ని రాయమని ఈ ఊళ్ళో నన్నెవరూ అడగలేదు. బోర్డు పెట్టేదే అరవడానికి. వారం రోజులుగా అదే ఆలోచన. రేవు చివరికి వెళ్ళి నిలబడి చూశాను. నిశ్శబ్దంలో కూడా ఏదో ఒకటి కదులుతూనే ఉంటుంది.

నువ్వు ఎట్లా వేస్తున్నావో నాకు పంపకు. చూస్తే నాది పాడవుతుంది. నువ్వు వెయ్యలేక నన్ను అడుగుతున్నావని అనుకోవడం లేదు. మీ అక్క అలా అనుకుంటోంది, నేను కాదు.

రోకుసుకే


యవతహామా
14 డిసెంబరు 1971

సోజీ,

నాలుగు గడులు ఇందులో ఉన్నాయి.

చెప్పడానికేమీ లేదు.

రోకుసుకే


టోక్యో
22 డిసెంబరు 1971

బావగారికి,

మీరు పంపింది అందింది. అందరిముందూ విప్పాను. అదే నా పొరపాటు.

మొదటి మూడు గడుల్లో 'షీన్' అని ఉంది. చాలా బాగుంది. నిజంగా చెబుతున్నాను. నాలుగో గడికి వచ్చేసరికి 'త్సూన్' అని రాసి ఉంది, అలిగి ముఖం తిప్పుకునే చప్పుడు. పక్కన కూర్చునేవాడు పైకి చదివి, "మీ బావకి నీ మీద ఇంత అలకేమిటోయ్?" అన్నాడు. అందరూ నవ్వారు. కింద మీ చేత్తో 'చెప్పడానికేమీ లేదు' అని ఒకటి.

షి, త్సు. రెండిటికీ ఒక పెద్ద గీత, రెండు చిన్న గీతలు. చిన్నవి ఎడమ పక్కన ఒకదాని కింద ఒకటి ఉంటే షి. నెత్తి మీద పక్కపక్కన ఉంటే త్సు. ఒకటో తరగతిలో బెత్తం పెట్టి నేర్పిస్తారు. చేతిలో బ్రష్షుతో పుట్టినట్టు ఊరంతా చెప్పుకునే మీరు ఆ తేడా తెలియక రాశారంటే నేను నమ్మాలా? నిశ్శబ్దం అడిగితే ముక్కు పైకెత్తి ముఖం అటు తిప్పుకోవడం పంపారు.

సరే బావా. నా మీద మీకు ఎప్పట్నుంచో ఉందని నాకు తెలుసు. మీ దుకాణంలో బ్రష్షులు కడిగినవాణ్ణి పత్రికల్లోకి ఎక్కానని. మీ ఇంటి గోడ మీద నా అక్షరాలున్నాయని. అడగమన్నది గురువుగారు, నేను కాదు. కోపం ఆయన మీద చూపించాల్సింది.

ఆ కాగితం ఆయనకి చూపించలేదు. నా పేజీ నేనే వేసుకున్నాను.

సోజి


యవతహామా
11 జనవరి 1972

సోజికి.

కొత్త సంవత్సరం కార్డు నీ దగ్గర్నుంచి రాలేదు. నేనూ వెయ్యలేదు. ఆ పూట మీ అక్క ఇద్దర్నీ కలిపి తిట్టింది. తిట్లు తినడానికి ఇక్కడ నేనొక్కణ్ణే ఉన్నాను.

నీ ఉత్తరం వచ్చిన రోజు నా దగ్గర మిగిలిన చిత్తు కాగితం తీసి గోడకి ఆనించాను. ఏమీ చెప్పకుండా మీ అక్కని పిలిచాను. ఆవిడ పొయ్యి దగ్గర్నుంచే, చేతిలో గరిటెతో, "త్సూన్ అని రాశారేం? ఎవరి మీద అలక?" అంది.

"అది షీన్."

"కళ్ళజోడు పెట్టుకోండి."

"అవి గీతలు కావు. వలకి కట్టే గాజు బుడ్లు. పడవ మునిగాక వల కిందికి పోతుంది, బుడ్లు తెగి పైకి తేలతాయి. ఒక్కో గడిలో కాస్త పైకి జరిగాయి. నాలుగోదాంట్లో నీళ్ళ మీదికి వచ్చేశాయి. పెద్ద గీత నీళ్ళు."

"మీకు బుడ్లు. చదివేవాడికి త్సు" అని వెళ్ళిపోయింది.

కాబట్టి అది షి. బుడ్లు తేలిన షి. చదవలేకపోయింది నువ్వు. మీ పక్కవాడూ, మీ అక్కా కూడా. నేను గడి గడికీ అక్షరాన్ని కదిలించానే తప్ప దాని పేరు మారిపోతోందని చూసుకోలేదు. అంతమాత్రానికి నా కాగితం దాచేస్తావా?

పత్రికలో నీ పేజీ చూశాను. 'షీన్' సన్నగా, ఇంకా సన్నగా, చివరికి వెంట్రుకలాగా. శుభ్రంగా ఉంది. గదిలో ఎవరూ లేనట్టు ఉంది. ఒక మనిషి పోయినట్టు లేదు. ఆ సంగతి నీకూ తెలుసు గనకే నాది చూపించలేదని నేను అనుకుంటున్నాను. అలక అని నువ్వు నమ్మినట్టు రాశావు. నాకు నమ్మకం లేదు.

నీకు ధైర్యముంటే ఆయనకి చూపించు. లేకపోతే నా కాగితం నాకు పంపెయ్యి.

రోకుసుకే


టోక్యో
24 జనవరి 1972

బావగారికి నమస్కారాలు.

చూపించాను. మీ మాటకి రోషమొచ్చి చూపించానని గర్వపడకండి. అక్క నాకు వేరే కార్డు వేసింది. అందులో భాష ఇక్కడ రాయలేను.

గురువుగారు కాగితాన్ని బల్ల మీద పరిచి చాలాసేపు చూశారు. సిగరెట్టు దానంతట అది కాలిపోయింది.

"ఇది ఎప్పుడొచ్చింది?"

"డిసెంబరులోనండీ."

"ఎందుకు చూపించలేదు?"

"నాలుగో గడిలో తప్పుందండీ. షి కాస్తా త్సు అయిపోయింది."

ఆయన నా వైపు ఎట్లా చూశారంటే, మళ్ళీ ఒకటో తరగతికి పంపేస్తారేమో అనిపించింది. "పరామర్శకి ఊరి పెద్దలు వస్తారు. పడవ పాతదని తెలిసి పంపినవాళ్ళు. వాళ్ళని చూసి ఆవిడ ముఖం తిప్పుకుంటుంది. అది చెప్పడానికి నేను రెండు పేజీలు వేశాను. ఇతను ఒక్క అక్షరం జరిపి చెప్పాడు. ఏడవడం ఎక్కడ ఆగిందో, కోపం ఎక్కడ మొదలైందో చూడు, అంతా ఒకే మాటలో ఉంది. తెలిసే చేశాడా?"

"లేదండీ. గాజు బుడ్లు అనుకున్నాడట."

"ఆ సంగతి ఇంకెవరితోనూ అనకు" అన్నారు.

విడి పుస్తకంగా అచ్చేసేటప్పుడు నా పేజీ తీసేసి మీది పెడుతున్నారు. ఆ పెద్దల రెండు పేజీలూ కూడా తీసేస్తారు. అంతటితో అయిపోలేదు. కథ ఆఖరి భాగానికి అక్షరాలన్నీ వెయ్యడానికి మిమ్మల్ని మార్చిలో రమ్మంటున్నారు. ఇక్కడ ఇంకో బల్ల వేసే చోటు లేదు. మీరు వస్తే కూర్చునేది నా బల్ల దగ్గరే. నన్ను ఆ కొన్నాళ్ళు సెలవు తీసుకోమన్నారు, చాలా మర్యాదగా.

బావా, నేను ఒక్కో అక్షరం కోసం ఎన్ని కాగితాలు చింపానో మీకు తెలియదు. నేను చెయ్యని తప్పు మీరు చేశారు, అది నా పని మొత్తం కంటే బాగుందట. రావద్దని రాయలేను. రమ్మని రాయడానికి చెయ్యి రావడం లేదు. గురువుగారి మాట యథాతథంగా అందించాను. నా పని అయిపోయింది.

సోజి


యవతహామా
4 ఫిబ్రవరి 1972

సోజికి దీవెనలు.

నీ ఉత్తరం వచ్చిన రోజు నేను ఏ బోర్డూ రాయలేదు. పుస్తకంలో ఆ రోజు ఖాళీగా ఉంది.

మీ అక్కని అడిగాను. "వెళ్ళమంటావా?"

"వద్దంటే మానేస్తారా?"

"మానేస్తాను."

"మానేసి, మూతి ముడుచుకుని, ఇంట్లో ఇక్కడి నుంచి అక్కడికి తిరుగుతారు. ఆ ముఖం చూస్తూ నేను అన్నం వండలేను. వెళ్ళండి."

"సోజి నొచ్చుకుంటాడు."

"ఇన్నాళ్ళూ మీరు నొచ్చుకున్నారు కదా. వాడి వంతు రానీయండి."

కాబట్టి వస్తున్నాను. నువ్వు బాధపడతావని తెలుసు. తెలియక వస్తున్నానని అనుకోకు. నీ బల్ల దగ్గర కూర్చోవాలని నాకు ఉంది. ఎప్పట్నుంచి అని అడిగితే చెప్పలేను. నీ మొదటి పేజీ పత్రికలో వచ్చినప్పట్నుంచి అయి ఉంటుంది.

ఇక్కడ ఐస్ ఫ్యాక్టరీ గోడ, సముద్రం వైపుది, ఏప్రిల్ లోపు రాయాలి. సంఘం వాళ్ళకి మాటిచ్చాను. నీకు ఎలాగూ సెలవు. నువ్వు ఇక్కడికి వచ్చి ఆ గోడ రాయి. గోడంత చోటు ఇస్తారని అన్నావు కదా, తీసుకో. బ్రష్షులు ఎక్కడుంటాయో నీకు తెలుసు.

రోకుసుకే


టోక్యో
18 మార్చి 1972

సోజికి దీవెనలు.

నీ బల్ల ఎత్తు నాకు సరిపోవడం లేదు. మోకాళ్ళు పట్టేస్తున్నాయి. నీ తోటివాళ్ళు నన్ను 'బోర్డు బావ' అంటున్నారు. మంచివాళ్ళే.

ఈ సన్న పాళీలతో నాకు చెయ్యి ఆడటం లేదు. భుజంతో రాసే అలవాటు నాది. ఇక్కడ వేలి కొసతో రాయాలి. నేను వేసిన ఉరుము మనిషి ముఖం మీద కూర్చుంది. గురువుగారు చూసి, ఇంటిపేరుతో పిలిచి, "హ్యోదో గారూ, ఇది గడి. గోడ కాదు" అన్నారు. తెల్ల రంగు పెట్టి చెరిపాను. ఇన్నేళ్ళలో నేను రాసింది నేను చెరపడం తక్కువ. నాలుగు వేళ్ళ వెడల్పు అని నువ్వు రాసినప్పుడు గొప్ప చెప్పుకుంటున్నావనుకున్నాను.

మీ అక్క ఉత్తరం వచ్చింది. మొదటి నుంచి చివరిదాకా నీ గురించే. నువ్వు ఐస్ ఫ్యాక్టరీ గోడ రాస్తుంటే చేపల బజారు జనమంతా వచ్చి నిలబడి చూశారట. నేను బోర్డు రాసేటప్పుడు నిచ్చెన కింద కుక్క తప్ప ఎవరూ నిలబడలేదు. ఏం రాశావో ఆవిడ చెప్పలేదు. నేనూ అడగను. నీకు రాయడం ఇష్టమైతే రాయి.

ఒక అవసరం పడింది. ఆఖరి పేజీలో ఆ వితంతువు తమ్ముడు పొద్దున్నే పడవ తీసి వెళ్తాడు. ఇంజను చప్పుడు 'పొన్ పొన్' అని గడి గడికీ దూరమవ్వాలి. నాకు దూరమవ్వడం లేదు. ఏది వేసినా పొగలో మేకులు కొట్టి బోర్డు తగిలించినట్టు వస్తోంది. ఇక్కడ చెవుల నిండా రైళ్ళే. నువ్వు రేవులో ఉన్నావు. వేసి పంపగలవా?

రోకుసుకే


యవతహామా
26 మార్చి 1972

బావగారికి నమస్కారాలు.

'పంపగలవా' అట. 'పంపవా సోజీ' అని రాయడానికి సిరా అయిపోయిందా? మీ ఉత్తరం అక్కకి ఇచ్చి ఆ వాక్యం పైకి చదవమన్నాను. చదివి, "మా ఆయన ఒకరిని ఒకటి అడగ్గా నేను చూడలేదు. దీన్నే బతిమాలడం అనుకో" అంది. సరే, అనుకున్నాను.

గోడ సంగతి. అక్క మీకు సగమే రాసిందన్నమాట. జనం వచ్చి నిలబడిన మాట నిజమే. నేను 'ఐస్' అన్న మాటని ఆ గోడకున్న నాలుగు చెక్క తలుపుల మీద గడులుగా విడగొట్టాను. మొదటి తలుపు మీద గడ్డకట్టి నిటారుగా, రెండోదాని మీద చెమటపట్టి, మూడోదాని మీద ఒక పక్కకి ఒరిగి, నాలుగోదాని మీద నీళ్ళై కారిపోతూ. నాకు చాలా నచ్చింది. సంఘం అధ్యక్షుడు వచ్చి చూశాడు.

"ఏమయ్యా, మా ఐస్ కరిగిపోతుందని సముద్రం మీది పడవలన్నిటికీ చాటింపు వేస్తున్నావా?"

అప్పుడు వచ్చింది జనం. నేను గీకి చెరుపుతుంటే చూడటానికి. రేవులో దిగినవాడల్లా ఒకటే ప్రశ్న, "రోకుసుకే గారు ఎప్పుడొస్తారు?" అని. నేను ఈ ఊళ్ళో పుట్టాను బావా. మీరు పెళ్ళి చేసుకుని వచ్చినవారు. అయినా నన్నే చుట్టంలా చూస్తున్నారు.

మళ్ళీ రాశాను, మీలాగా నిలబెట్టి. నిలబడలేదు. అక్క బజారు నుంచి వస్తూ బుట్ట కింద పెట్టి చూసింది. "మా ఆయన గీత అయితే నిటారుగా ఉండేది. కొండ మీంచి చూసినా ఇది మన ఊరని తెలిసేది" అంది. పుట్టి బుద్ధెరిగాక మీ అక్షరాన్ని ఆవిడ మెచ్చుకోగా నేను వినడం అదే మొదలు. అదీ నన్ను తిట్టడానికి. మీకు రాయకూడదనుకున్నాను. మీరుంటే ఆవిడ అననే అనదు, అందుకని రాస్తున్నాను.

'పొన్ పొన్' ఇందులో పెట్టాను. ఐదు పొద్దులు రేవు చివర కూర్చుని వేశాను. వాడుకోండి. కానీ ఊరికే కాదు. పుస్తకం ఆఖరి పేజీ అడుగున గురువుగారు అక్షరాలు వేసినవారి పేరు వేస్తారట కదా. అక్కడ నా పేరు లేకపోతే నేను జీవితంలో మీతో మాట్లాడను.

సోజి


టోక్యో
9 ఏప్రిల్ 1972

సోజికి దీవెనలు.

నీ కాగితం అందింది. పొద్దున అందితే సాయంత్రం దాకా దాన్ని ముందు పెట్టుకుని కూర్చున్నాను. ఎక్కడ తప్పుందా అని.

మొదటి గడిలో అక్షరం పడవంత ఉంది. 'పొ' అక్షరానికి మూల మీద ఉండే చిన్న సున్నా దానికి అంటుకునే ఉంది. రెండో గడిలో సున్నా కాస్త ఎడమైంది, పొగ గొట్టంలోంచి ఊదిన పొగలాగా. మూడోదాంట్లో అక్షరం చిక్కిపోయింది, సున్నాలు పైకి లేచాయి. ఆఖరి గడిలో అక్షరమే లేదు. తెల్లటి చోటు, దూరంగా ఒక్క సున్నా. అయినా వినిపించింది. నేను తల ఎత్తి కిటికీ వైపు చూశాను.

తప్పు దొరకలేదు. గురువుగారితో బాగుందని చెప్పలేదు, ఆయనే అన్నారు. నా ఉరుములు, నా వాన, నా నాలుగు గడులు అన్నీ దానికి ముందు పేజీల్లో ఉన్నాయి. అవీ బాగానే ఉన్నాయి. కానీ పుస్తకం మూసేటప్పుడు చదివేవాడి చెవిలో మిగిలేది నీ సున్నా. నేను దాన్ని తీసి నాది పెట్టవచ్చు, గురువుగారు అడిగినా అడగకపోవచ్చు. ఒక పూట ఆ ఆలోచన కూడా చేశాను. నాది మళ్ళీ వేసి పక్కన పెట్టి చూశాను. చించేశాను.

నిన్న అచ్చుకి పంపే ముందు ఆయన పిలిచారు. "ఇద్దరి పేర్లూ వేస్తున్నాను. ఏ వరసలో?"

"నాది ముందు వెయ్యండి" అన్నాను.

"పెద్దవారు కదా, అవును" అన్నారు ఆయన.

అవునన్నాను. కారణం అది కాదని నీకు తెలుసు. ఎక్కడో ఒకచోట నేను ముందుండాలి కదా.

నీ బావ
రోకుసుకే